పాట అడుగున నడిచినవారు

సినిమా పాటల గురించి వ్రాసే మనందరికీ ఒక అలవాటు ఉన్నది. సాహిత్యాన్ని తరచి చూస్తాము. రాగం పేరు చెబుతాము. గాయకుని గొంతును మెచ్చుకుంటాము. కొంచెం ఎక్కువ శ్రద్ధ కలవారమైతే వేణువు ఎక్కడ అందుకున్నది, వీణ ఎక్కడ ఆగినది అన్నది కూడా గుర్తిస్తాము. పాట అడుగున మొదటి నుండి చివరి వరకూ నడిచే ఆ లావుతీగెల నాదాన్ని గురించి మాత్రం ఎవరమూ ఒక్క వాక్యమైనా వ్రాయము. దానిని బేస్ అంటారు. నాకు నచ్చిన బేస్ వాద్యకారులు ఎవరు, వారి వాయింపులోని గొప్పతనం ఏమిటి అని ఒక టపా వ్రాద్దామని కూర్చుంటే, పేర్ల పట్టిక కన్నా ముందుగా మన పాటల చరిత్రలోని ఒక పెద్ద ఖాళీ కనిపించింది. ఆ ఖాళీని గురించీ, అందులో మనకు మిగిలిన కొద్ది పేర్ల గురించీ ఈ వ్యాసం.

నేను కడప జిల్లాలో పెరిగి కర్నూలులో చదువుకున్నవాడిని. మా తరానికి పాట అంటే రేడియో. 1963లో మొదలైన కడప ఆకాశవాణి, దానికి తోడు రేడియో సిలోన్ తెలుగు ప్రసారం. ఇక్కడ కొద్దిగా శబ్దశాస్త్రం చెప్పుకోవాలి. బేస్ గిటారుకు సాధారణంగా నాలుగు తీగెలు. అన్నిటికన్నా లావైన తీగెను ఊరక మీటితే అది సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. తక్కినవి 55, 73, 98 సార్లు. మామూలు గిటారులోని క్రింది నాలుగు తీగెల కన్నా సరిగ్గా ఒక స్థాయి తక్కువ. అరచేతి వెడల్పు స్పీకరు ఉన్న ట్రాన్సిస్టరు రేడియో ఇంత మంద్రమైన కంపనాలను పలికించలేదు. అయినా మాకు ఆ స్వరం వినిపించేది. ఎలా? ఏ తీగె అయినా 41 వద్ద మ్రోగినప్పుడు దానితోపాటు 82, 123, 164 అంటూ గుణిజాలు కూడా మ్రోగుతాయి. చిన్న స్పీకరు ఆ పై గుణిజాలను మాత్రమే అందించినా, వాటి మధ్య ఉన్న ఎడాన్ని బట్టి అడుగున లేని స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. అంటే సీమలోని పల్లెల్లో మేము ఏళ్ళ తరబడి బేస్ లేకుండానే బేస్‌ను విన్నాము. ఎండిన పెన్నలో ఇసుక తోడి చెలమ తీసినట్లు, పైకి కనిపించని దానిని చెవితో తోడుకున్నాము.

అసలైన శబ్దం మాకు తెలిసింది 1980లలో క్యాసెట్ల కొట్లు వచ్చిన తరువాత. కొట్టు ముందు రెండు పెద్ద పెట్టెలు పెట్టి పాటలు వేసేవారు. పాట మొదలు కాగానే కాలిక్రింది నాపరాయి సన్నగా అదిరేది. ఎప్పుడో రేడియోలో విన్న పాటలోనే మరొక పాట దాగి ఉన్నదని అప్పుడు తెలిసింది. గాయని ఒక దారిలో వెళుతుంటే అడుగున ఎవరో మరొక దారిలో నడుస్తున్నారు. ఇద్దరూ పల్లవి దగ్గర కలుసుకుంటున్నారు. ఆ రెండవ మనిషి ఎవరు అన్నదే నా ప్రశ్న. క్యాసెట్టు అట్ట మీద ఆ పేరు లేదు.

బేస్ గిటారు పరాయి వాద్యమే కానీ, అది చేసే పని మనకు పరాయిది కాదు. మృదంగాన్ని చూడండి. కుడివైపు తేటగా, శ్రుతిబద్ధంగా పలుకుతుంది. ఎడమవైపును తొప్పి అంటారు. కచేరీకి ముందు దాని మీద రవ్వముద్ద అంటిస్తారు. ఆ బరువుకు దాని నాదం క్రిందికి దిగుతుంది. అరచేతి అంచుతో నొక్కుతూ జరిపితే స్వరం వంగి పైకి జారుతుంది, దానిని గుంకీ అంటారు. పుదుక్కోట సంప్రదాయానికి చెందిన పళని సుబ్రహ్మణ్య పిళ్ళై (1908–1962) ఎడమచేతివాటం కలవారు. మృదంగాన్ని అటుదిటుగా తిప్పి వాయించేవారు. ఆయన తొప్పి నాదాన్ని గురించి, గుంకీలను గురించి విద్వాంసులు ఈనాటికీ చెప్పుకుంటారు. నా దృష్టిలో దక్షిణదేశపు గొప్ప బేస్ వాద్యకారులలో మొదట తలచుకోవలసిన పేరు ఆయనదే, ఆయన చేతిలో గిటారు లేకపోయినా సరే.

మన జానపదంలోనూ ఇదే ఏర్పాటు. బుర్రకథలో కథకుని చేతిలో తంబుర, కాలికి గజ్జె, ఆయనకు ఇరువైపులా డక్కీలు పట్టుకున్న వంతలు. డక్కీ గొంతు మందంగా, గుండెకు తగిలేలా ఉంటుంది. యుద్ధఘట్టంలో కథకుడు ఊపిరి తీసుకునే సందులో డక్కీ పలకకపోతే ఆ వీరరసమంతా నీరు కారిపోతుంది. అనంతపురం వైపు ఉరుముల నృత్యంలోని ఉరుము అయితే ఒకవైపు పుల్లతో కొట్టగా, మరొకవైపు పుల్లతో రుద్దగా మూలుగువంటి నాదం ఇస్తుంది. తెల్లవారిన తరువాత ఊరిలో అందరూ కథకుని పేరు చెప్పుకుంటారు. డక్కీ వాయించినవారి పేరు ఎవరూ అడగరు. సినిమా పాటలో బేస్‌కు పట్టిన గతి మన పల్లెలో అంతకు ముందే ఉన్నదన్నమాట.

ఇక సినిమా సంగతి. తెలుగు పాట తయారైన చోటు మద్రాసు. ఆ చోటును నిలబెట్టినవారిలో సీమవారి పాలు తక్కువ కాదు. వాహినీ సంస్థ ద్వారా ‘వందేమాతరం’ (1939) నుండి ‘మల్లీశ్వరి’ (1951) వరకూ తీసిన బి.ఎన్.రెడ్డి, విజయా సంస్థను నడిపిన ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి కడప జిల్లావారు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి. 1966 డిసెంబరు 15న ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం పాడిన మొట్టమొదటి సినిమా పాట ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ (1967) కోసమే. దాని నిర్మాత, హాస్యనటుడు పద్మనాభం పుట్టినది కడప జిల్లా సింహాద్రిపురం. పాటను మలచిన గదులకూ, పాడించిన నిర్మాతలకూ మన పేర్లే ఉన్నాయి. ఆ గదులలో మూలన నిలబడి మనిషెత్తు డబుల్ బేస్‌ను వాయించినవారికి మాత్రం ఏ పేరూ లేదు.

ఆనాటి రికార్డింగు పద్ధతిని తెలుసుకుంటే ఆ మూలన నిలబడిన మనిషి విలువ అర్థమవుతుంది. గాయకులు, వయొలిన్లు, తబలా, బేస్ అందరూ ఒకేసారి వాయించాలి. తరువాత విడిగా దిద్దుకునే వీలు లేదు. నాలుగు నిమిషాల పాటలో ముప్పదిమందిలో ఏ ఒక్కరు తడబడినా అందరూ మళ్ళీ మొదటినుండి మొదలుపెట్టాలి. వయొలిన్లు పదిమంది ఉంటారు కనుక ఒకరు కొద్దిగా తప్పినా గుంపులో కలిసిపోతుంది. బేస్ మాత్రం ఒక్కరే. ఆ ఒక్కరూ ఒక అరమాత్ర ముందుకు జరిగినా పాట మొత్తం ఒరిగినట్లు ఉంటుంది. డబుల్ బేస్ మీద గిటారులో ఉండే మెట్లు ఉండవు. వ్రేలు పెట్టిన చోటే స్వరం. వెంట్రుకవాసి తేడా వస్తే పాడేవారి శ్రుతి తప్పు అన్నట్లు వినిపిస్తుంది. అంటే ఆయన తప్పుకు నింద గాయకునికి, ఆయన ఒప్పుకు కీర్తి కూడా గాయకునికే.

1951లో అమెరికాలో లియో ఫెండర్ ‘ప్రెసిషన్ బేస్’ అన్న పేరుతో విద్యుత్ బేస్ గిటారును అమ్మకానికి తెచ్చాడు. మెట్లు ఉన్నాయి కనుక స్వరం కచ్చితంగా పలుకుతుందన్నదే ఆ పేరులోని భావం. దీనిని ఎవరూ ఎగబడి పట్టుకోలేదు. బీటిల్స్ బృందంలో బేస్ వాయించేవాడు 1961లో తప్పుకుంటే, తక్కినవారెవరూ ముందుకు రాక ఆ పని పాల్ మెకార్ట్నీ మెడకు చుట్టుకున్నది. ఆయనది కూడా, మన పళనివారివలె, ఎడమచేతివాటమే. వద్దనుకున్న వాద్యాన్ని పట్టుకుని ఆయన దానిచేత పాడించాడు.

అంతకన్నా మన కథకు దగ్గరైన మనిషి జేమ్స్ జేమర్సన్ (1936–1983). డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ సంస్థ 1960లలో ఇచ్చిన ఎన్నో ప్రసిద్ధ గీతాల అడుగున ఉన్నది ఈయనే. డబుల్ బేస్ నుండి గిటారుకు వచ్చినవాడు. కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే మీటేవాడు. అయినా ఆయన వరుసలు ఏకరీతిగా ఉండవు. కొట్టవలసిన చోట ఒక క్షణం ఆగి, ఆగవలసిన చోట ఒక చిన్న స్వరం జారవిడిచి, పాటను ముందుకు వంచుతాడు. సంస్థ ఆయన పేరును రికార్డుల మీద వేయలేదు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బముతో గాని ఆ పేరు అట్ట మీదికి రాలేదు. 2000లో ఆయనకు పెద్ద గౌరవం దక్కేనాటికి ఆయన పోయి పదిహేడేళ్ళు. 2002లో ఆయన బృందాన్ని గురించి ఒక డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. ఆ దేశంలో కొందరు అభిమానులు పట్టుబట్టి అడిగి, విని, వ్రాసిపెట్టారు కనుక ఆ చరిత్ర నిలిచింది. వింటే చాలదు, వ్రాసిపెట్టాలి అన్న పాఠం నాకు అక్కడ దొరికింది.

బొంబాయిలో బేస్ వాయించిన చరణ్‌జీత్ సింగ్, టోనీ వాజ్ వంటి కొందరి పేర్లు హిందీ పాటల అభిమానుల శ్రద్ధ వలన నిలిచాయి. మద్రాసు నుండి మనకు స్పష్టంగా దక్కిన మొదటి పెద్ద పేరు శశిధరన్. 1976లో ‘అన్నక్కిళి’తో మొదలైన ఇళయరాజా సంగీతంలో బేస్ గిటారు అంటే ఆయనే. ‘సాగరసంగమం’ (1983), ‘అన్వేషణ’ (1985), ‘గీతాంజలి’ (1989) వంటి చిత్రాల పాటలను మరొకసారి, గొంతును పక్కన పెట్టి, అడుగును మాత్రమే వినండి. ‘మౌనమేలనోయి’ పాటలో తబలా ఒక నడక నడుస్తుంటే బేస్ దానిని అనుకరించదు. దాని సందులలో అడుగులు వేస్తుంది. నాయికానాయకుల మధ్య చెప్పుకోని మాట ఏదో ఉన్నదని మనకు తెలిసేది మాటలతో మాత్రమే కాదు, ఈ ఆగి ఆగి నడిచే నడకతో కూడా.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉన్నది. ఇళయరాజా ప్రతి వాద్యానికీ వేరువేరుగా పాశ్చాత్య లిపిలో స్వరాలు వ్రాసి ఇచ్చే సంగీతకర్త. మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, గిటారు వాయించి, జి.కె.వెంకటేశ్ దగ్గర సహాయకునిగా పనిచేసి వచ్చినవాడు. బాఖ్ అంటే ఆయనకు ఎంత గౌరవమో 1986లో త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్’ చెబుతుంది. బాఖ్ సంగీతంలో క్రింది గొంతు పై గొంతుకు బానిస కాదు, దానికి సమానంగా మాట్లాడే రెండవ మనిషి. ఆ ఆలోచనను మన పాటలోకి తెచ్చినది ఇళయరాజా. మరి వరుస ఆయనదే అయినప్పుడు వాయించినవారి గొప్ప ఏమిటి?

ఈ ప్రశ్నను చాలాకాలం మనసులో త్రిప్పుకున్నాను. నాకు తోచిన సమాధానం ఇది. కాగితం మీద ఏ స్వరమో ఉంటుంది, ఎంతసేపో ఉంటుంది. దానిని ఎంత బలంగా మీటాలి, తబలా దెబ్బకు సరిగ్గా మీదనా లేక వెంట్రుకవాసి వెనుకనా, స్వరాన్ని చివరివరకూ మ్రోగనివ్వాలా లేక వ్రేలితో తుంచివేయాలా అన్నవి కాగితం పూర్తిగా పట్టలేదు. అన్నమయ్య కీర్తన రాగిరేకు మీద ఉన్నది. తాళ్ళపాకలో పుట్టిన ఆ పదం గాయని గొంతులో ప్రాణం పోసుకున్నప్పుడు, అది రేకులోనే ఉన్నది కదా, ఇందులో పాడినవారి గొప్ప ఏమిటి అని మనం అనము. బేస్ వాద్యకారునికి కూడా అంతటి న్యాయం దక్కాలి. సంగీతకర్త పునాది ఎక్కడ వేయాలో గీత గీస్తాడు. రాయి కదలకుండా కూర్చోబెట్టేది మేస్త్రీ చేయి.

శశిధరన్ వాయింపులో నాకు నచ్చే మొదటి గుణం నిగ్రహం. స్వరం మీటడం కన్నా దానిని ఆపడంలో ఆయన నేర్పు ఎక్కువగా కనిపిస్తుంది. మ్రోత ఆగినచోట ఏర్పడే ఆ కొద్దిపాటి నిశ్శబ్దంలోనే తబలా తేటగా వినిపిస్తుంది. రెండవది జారుడు. మెట్లు ఉన్న గిటారు మీద కూడా ఒక స్వరం నుండి మరొక స్వరానికి గమకంవలె, తొప్పి మీది గుంకీవలె ఒరుసుకుంటూ వెళతాడు. అమెరికాలో జాకో పాస్టోరియస్ (1951–1987) ఈ జారుడు కోసమే మెట్లు లేని బేస్‌ను ప్రసిద్ధం చేశాడు. 1976లో వచ్చిన ఆయన మొదటి ఆల్బము వింటే ఆ వాద్యం మనిషి గొంతుకు ఎంత దగ్గరో తెలుస్తుంది. గమకానికి అలవాటు పడిన మన చెవికి మాత్రం అది వింతగా తోచదు, చుట్టరికంగా తోస్తుంది.

1980ల చివరినాటికి కీబోర్డు వచ్చి ఈ కథను మార్చింది. కుడిచేతితో వరుస, ఎడమచేతితో బేస్, రెండూ ఒక్కరే వాయించవచ్చు. మరొక మనిషికి కాల్షీటు డబ్బు ఇవ్వనక్కరలేదు. ఎం.బి.శ్రీనివాసన్ పూనికతో ఏర్పడిన సినీ వాద్యకారుల సంఘం మద్రాసులో ఎందరికో కూలి గిట్టుబాటు చేసింది కానీ, పనినే మింగివేసే యంత్రాన్ని ఏ సంఘమూ ఆపలేదు. ఆ కాలపు పాటలలో చాలావాటి అడుగున యంత్రపు నాదం ఉంటుంది. కాలం తప్పదు, శ్రుతి తప్పదు. కానీ గాయకుడు ఒక పదాన్ని కొంచెం సాగదీస్తే దానితోపాటు ఆగేవారు లేరు.

విచిత్రమేమిటంటే, కీబోర్డు లోకం నుండి వచ్చినవాడే బేస్ వాద్యకారులకు పేరును తిరిగి ఇచ్చాడు. రాజ్–కోటి వంటి సంగీతదర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన ఎ.ఆర్.రహమాన్ 1992లో ‘రోజా’తో సంగీతదర్శకుడైనాడు. తన ఆల్బముల అట్ట లోపలి కాగితం మీద వాద్యకారుల పేర్లు అచ్చు వేయించడం ఆయన అలవాటు చేశాడు. అక్కడే నేను మొదటిసారి ‘బేస్ గిటారు – కీత్ పీటర్స్’ అన్న మాటలు చదివాను. పాట అడుగున ఉన్న మనిషికి ఒక పేరు ఉంటుందని అచ్చులో చూడడం అదే మొదలు. కీత్ పీటర్స్ వాయింపులో హడావుడి ఉండదు. యంత్రపు తాళం ఎంత బిగువుగా ఉన్నా, దాని మీద ఆయన వ్రేలు కొంచెం వదులుగా, మనిషి నడిచినట్లు నడుస్తుంది. ఆ వదులే ఆ పాటలకు వెచ్చదనం. ఆ తరువాతి తరంలో, 1996లో బొంబాయిలో పుట్టిన మోహినీ డే రహమాన్ వేదికలపై బేస్ వాయించి, ఆ వాద్యాన్ని మూలనుండి వేదిక ముందుకు తెచ్చింది. ఇప్పుడు కుర్రవాళ్ళు ఆమెను చూసి బేస్ నేర్చుకుంటామంటున్నారు. ఎవరూ ముందుకు రాక ఒకరి మెడకు చుట్టుకున్న వాద్యానికి ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఈ వెలుగు 1992కు ఇటువైపే పడింది. అంతకు ముందు నలభై ఏళ్ళ పాటు మన పాటలను మోసినవారు చీకటిలోనే ఉన్నారు. గ్రామఫోను రికార్డు మీద చిత్రం పేరు, గాయకులు, కవి, సంగీతదర్శకుడు. పాటల పుస్తకంలోనూ అంతే. 1950లలో పాతికేళ్ళ వయసులో డబుల్ బేస్ పట్టుకున్నవారు బ్రతికి ఉంటే నేడు తొంభై దాటి ఉంటారు. 1970లలో బేస్ గిటారు పట్టుకున్నవారు కూడా డెబ్భై దాటినవారే. ఈ చరిత్ర కాగితం మీద లేదు, మనుషుల జ్ఞాపకంలో ఉన్నది. ఆ మనుషులు ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారు. సీమలో గ్రామదేవత జాతరలలో, పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాలు కట్టి, ఎరువు తెచ్చుకున్న బేస్ గిటారుతో ఈ వరుసలనే చెవితో నేర్చుకుని వాయించినవారిది కూడా ఇదే కథ. వారిలో చాలామందికి ఆ వరుస మొదట ఎవరు వాయించారో తెలియదు. తాము వాయించినట్లు మరెవరికీ తెలియదు.

గొప్ప బేస్ వాద్యకారుడు ఎవరు అంటే నా కొలతలు మూడు. ఒకటి, తాళవాద్యాన్ని అనుకరించకుండా దానితో సంభాషించాలి. రెండు, స్వరాన్ని ఎప్పుడు ఆపాలో తెలియాలి. మూడు, అతడు లేకపోతే పాట కూలిపోవాలి, ఉన్నప్పుడు మాత్రం అతడు ఉన్నట్లు తెలియకూడదు. ఈ మూడవ కొలతే అతని గొప్పతనం, అతనికి అన్యాయం జరగడానికి కారణం కూడా అదే. తనను మరచిపోయేలా చేయడమే అతని పని కనుక, మరవకుండా ఉండవలసిన బాధ్యత వినేవారిదవుతుంది.

మిత్రులకు ఒక మనవి. ఈ రాత్రి మీకు బాగా తెలిసిన పాత పాట ఒకటి చెవికి ఫోను తగిలించుకుని వినండి. మొదటిసారి మామూలుగా. రెండవసారి గొంతును, వయొలిన్లను వదలి అడుగు స్వరాన్ని మాత్రమే పట్టుకుని పల్లవి నుండి చివరి చరణం దాకా వెళ్ళండి. ఆ తరువాత, మీ ఊరిలో ఆర్కెస్ట్రాలో వాయించిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే వెళ్ళి పలకరించండి. మద్రాసులో వాద్యకారులతో పరిచయం ఉన్న బంధువులు ఉంటే అడగండి. పేరు, ఊరు, ఏ ఏళ్ళలో, ఎవరి దగ్గర వాయించారు అన్న నాలుగు ముక్కలు వ్రాసిపెట్టండి. పెద్ద పరిశోధన అక్కరలేదు. నాలుగు వరుసల టపా చాలు. జేమర్సన్‌కు దక్కిన న్యాయం మనవారికి దక్కాలంటే మొదలుపెట్టవలసినది అక్కడే.